విమానాల రిపేర్ల లెక్క జనం ముందు పెట్టాలి!

గుణదల, మాచవరం, క్రీస్తురాజపురం, పడవలరేవు, రామవరప్పాడు వాసులారా! గన్నవరంలో విమానమెక్కే అక్కలారా, అన్నలారా! రెండు నిమిషాలు ఆగి ఈ కాగితం చదవండి. చదివాక పారేయకుండా పక్కింటి వారికివ్వండి.

2003 సెప్టెంబర్‌లో హైదరాబాద్ బేగంపేటలో ఒక విమానం విజయవాడ బయల్దేరడానికి సిద్ధమైంది. ఎయిర్ డెక్కన్ సంస్థ మన ఊరికి వేసిన తొలి సర్వీసు అది. పంకాలతో నడిచే చిన్న ఏటీఆర్ విమానం. అప్పటి పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ, అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు వెంకయ్యనాయుడు గారు అందులోనే కూర్చున్నారు. విమానం నేల విడవకముందే ఇంజిన్‌లో మంటలు లేచాయి. అందరినీ గబగబా కిందికి దించారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

సాక్షాత్తు మంత్రి ఎక్కిన విమానం, ప్రారంభోత్సవం రోజు, పత్రికల వాళ్ళ కళ్ళన్నీ దాని మీదే ఉన్నాయి. అలాంటి దానికే ఇంజిన్ అంటుకుంది. ఏ ఆర్భాటమూ లేని మామూలు రోజున తెల్లవారుజామున లేచే విమానానికి రాత్రి ఎవరు ఏం చూశారో, ఏం చూడకుండా వదిలేశారో మనకెవరు చెబుతున్నారు? ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఇప్పటికీ ఎవరూ చెప్పడం లేదు. మా గొడవంతా దీని గురించే.

ఇది విమానాల్లో తిరిగే డబ్బున్న వాళ్ళ సంగతి, మనకెందుకులే అనుకోకండి. గన్నవరం నుంచి పడమటికి లేచే విమానాలు, పడమటి నుంచి దిగే విమానాలు మన పరిసరాల మీదుగానే పోతాయి. ఈఎస్ఐ ఆసుపత్రిలో మంచం మీద ఉన్న మనిషికీ, రైవస్ కాలువ గట్టున ఇల్లున్న మనిషికీ టిక్కెట్టు కొనకుండానే ఇందులో వాటా ఉంది. ఫిబ్రవరిలో 9 నుంచి 11 వరకు మేరీమాత తిరునాళ్ళకు కొండ కింద ఎంత జనం ఉంటారో మీకు మేం చెప్పక్కర్లేదు. ఇక ప్రయాణికులంటారా, 2022 అక్టోబర్ 31 నుంచి షార్జాకు ఇక్కడి నుంచే నేరుగా విమానం ఉంది. అందులో వెళ్ళేది షోకు కోసం కాదు. ఇంట్లో బంగారం కుదువపెట్టి పనికోసం పోయే కృష్ణా, గోదావరి జిల్లాల ఆడపడుచులు, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి పోయే తల్లులు ఆ సీట్లలో కూర్చుంటున్నారు.

2025 జూన్ 12 మధ్యాహ్నం అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం లేచీ లేవగానే రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయి, వైద్య విద్యార్థుల హాస్టలు మీద కూలింది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్ళు 19 మంది పోయారు. వాళ్ళలో అన్నం తింటున్న పిల్లలూ ఉన్నారు! ఆ ఇంజిన్లకు ఇంధనం ఇచ్చే స్విచ్చులు ఒక సెకను తేడాలో ఆగిపోయాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. మెయింటెనెన్స్ పొరపాటు అని అది ఎక్కడా అనలేదు, మేమూ అనం. అది ఇక్కడ చెప్పడం ఎందుకంటే, ఇంజిన్ ఆగితే చచ్చేది టిక్కెట్టు కొన్నవాళ్ళే కాదని ఆ హాస్టలు గోడలు చూపించాయి.

చేతకాని రిపేరు చేస్తే ఏమవుతుందో పూర్తిగా తేలిన కేసు ఒకటుంది. పాతదే అయినా వివరంగా చెబుతాం, ఓపికపట్టండి.

1979 మే 25, అమెరికాలోని షికాగో. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి 191 నంబరు విమానం, డీసీ-10 రకం, రన్‌వే మీద పరుగెత్తి లేస్తుండగా ఎడమ రెక్క కింది ఇంజిన్ ఊడి, రెక్క మీదుగా ఎగిరి వెనక్కి పడిపోయింది. నేల విడిచిన 31 సెకన్లకు విమానం కూలిపోయింది. లోపల 271 మంది, కింద ఇద్దరు చనిపోయారు.

ఆ ఇంజిన్ ఆ రోజు ఊడింది గానీ, దానికి బీజం పడింది ఎనిమిది వారాల ముందు, తుల్సా ఊళ్ళోని రిపేరు షెడ్డులో. ఇంజిన్‌నూ, దాన్ని రెక్కకు పట్టి ఉంచే పైలాన్ అనే భాగాన్నీ విడివిడిగా దించాలని తయారుచేసిన కంపెనీ రాసిచ్చింది. రెండూ కలిపి ఒకేసారి దించితే ఒక్కో విమానానికి 200 దాకా పనిగంటలు మిగులుతాయి. అందుకని రెండింటినీ కలిపి ఫోర్క్‌లిఫ్ట్ మీద పెట్టి దించారు, మళ్ళీ దాని మీదే ఎత్తి బిగించారు. గోడౌన్లలో బస్తాలూ పెట్టెలూ ఎత్తే బండి అది. టన్నుల బరువును వెంట్రుకవాసి తేడా రాకుండా నిలబెట్టడం దానివల్ల అయ్యే పని కాదు. ఎత్తేటప్పుడు పైలాన్ వెనక అంచు రెక్కకున్న బిగింపు మీద నొక్కుకుని చిట్లింది. పది అంగుళాల చిట్లు. ఎవరూ చూడలేదు. సరిచూసిన వాడి సంతకం పడింది, విమానం బయటికొచ్చింది. ఎనిమిది వారాల పాటు అదే చిట్లుతో జనాన్ని ఎక్కించుకుని ఊరూరా తిరిగింది. ఒక్కో లేపుడికి చిట్లు ఇంకాస్త పెరిగింది.

ఇంకో సంగతి వింటే గుండె మండుతుంది. కాంటినెంటల్ అనే ఇంకో సంస్థ ఇదే పద్ధతిలో ఇంజిన్లు దించి, 1978 డిసెంబర్‌లో ఒకసారి, 1979 ఫిబ్రవరిలో ఇంకోసారి సరిగ్గా అదే భాగాన్ని పగలగొట్టుకుంది. అతుకు వేసుకుని ఊరుకుంది. తనిఖీ చేయాల్సిన ప్రభుత్వ సంస్థ చెవిన ఆ ముక్క పడలేదు. పడి ఉంటే దేశంలోని డీసీ-10లన్నిటినీ అప్పుడే చూసేవారు, షికాగోలో 273 మంది బతికేవారు. ప్రమాదం జరిగాక వెతికితే మరికొన్ని విమానాల్లో కూడా అలాంటి చిట్లే దొరికాయి. అప్పుడు గానీ ఆ రకం విమానాలన్నీ ఆపలేదు.

అమెరికా కాబట్టి, ఎప్పుడో కాబట్టి అని సరిపెట్టుకోకండి. ఇటు మన దేశానికి రండి.

2022 జూలై 5న మన డీజీసీఏ, అంటే విమానాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, స్పైస్‌జెట్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చింది. 18 రోజుల్లో ఎనిమిది సంఘటనలు జరిగాక ఇచ్చిన నోటీసు అది. లోపలి భద్రతా పర్యవేక్షణ బలహీనంగా ఉంది, మెయింటెనెన్స్ చాలినంత లేదు అని అందులో ఉంది. ఇంకో మాట కూడా ఉంది, అది ప్రతి ప్రయాణికుడూ చదవాల్సిన మాట. 2021 సెప్టెంబర్‌లో ఆ సంస్థ ఆర్థిక స్థితి పరిశీలిస్తే, సామాను సరఫరా చేసేవారికి సకాలంలో డబ్బు కట్టడం లేదని, అందువల్ల స్పేర్ పార్టులకు కటకట వస్తోందని, పనిచేయని భాగాలతోనే విమానాలు తరచూ తిరుగుతున్నాయని తేలింది.

మన ఆటోనగర్ మెకానిక్కును అడగండి. స్పేర్ల షాపులో అప్పు పేరుకుని, కొత్త సామాను ఇవ్వనన్నాక లారీ ఓనరు ఏం చేస్తాడో అతనికి తెలుసు. ఈ ట్రిప్పు అయ్యాక మార్చుకుందాం అంటాడు. లారీ అయితే మధ్యదారిలో హనుమాన్ జంక్షన్ దగ్గర ఆగుతుంది.

పనిచేయని భాగంతో ఎగరడం అన్నిసార్లూ తప్పు కాదు, ఇది నిజాయితీగా చెప్పాలి. ఏ భాగం పాడైతే ఎగరవచ్చు, ఎన్నాళ్ళ వరకు ఎగరవచ్చు అని ప్రతి విమానానికీ ఒక జాబితా ఉంటుంది. ఎంఈఎల్ అంటారు. కొన్నిటికి మూడు రోజుల గడువు, కొన్నిటికి పది రోజులు, మరీ చిన్నవాటికి 120 రోజులు. ఆ గడువు రిపేరుకు వీలు దొరకడానికి ఇచ్చింది. డబ్బు లేక సామాను కొనలేని సంస్థ దాన్ని వాడుకుంటే ఆ సదుపాయమే ప్రమాదమవుతుంది. ఆ జూలై 27న డీజీసీఏ స్పైస్‌జెట్ సర్వీసుల్ని ఎనిమిది వారాల పాటు సగానికి తగ్గించింది. మంచి పనే చేసింది. ఆర్థిక పరిశీలన జరిగింది 2021 సెప్టెంబర్‌లో, నోటీసు వచ్చింది 2022 జూలైలో. ఈ మధ్యలో ఆ విమానాలెక్కిన వాళ్ళకు ఈ విషయం ఒక్కరైనా చెప్పారా?

ఇంకొకటి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ తన ఎయిర్‌బస్ ఏ320 విమానం ఒకదాని ఇంజిన్‌లో మార్చాల్సిన భాగాలను యూరప్ విమాన భద్రతా సంస్థ చెప్పిన గడువులోగా మార్చలేదు. పైగా మార్చినట్టు కనిపించేలా రికార్డులు దిద్దారు. 2025 మార్చిలో డీజీసీఏ మందలించింది. సంస్థ పొరపాటు ఒప్పుకుంది, సరిదిద్దామని, బాధ్యుల మీద చర్య తీసుకున్నామని చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. జనానికి తెలిసింది మాత్రం ఆ జూలైలో, అదీ రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెడితే. ఆ విమానం దుబాయ్, మస్కట్ రూట్లలో కూడా తిరిగేది. ఆలస్యం కావడం ఒక తప్పు. ఇంజిన్ భాగం మార్చకుండానే మార్చామని రాయడం అంతకన్నా పెద్ద తప్పు. ఎందుకంటే ఆ రాత చూసి సంతకం పెట్టే ఇంజినీరు, ఆ సంతకం చూసి విమానమెక్కే పైలట్, ఆ పైలట్‌ను నమ్మి బెల్టు పెట్టుకునే మన చెల్లెలు, వీళ్ళందరూ మోసపోతారు.

అహ్మదాబాద్ ఘోరం తర్వాత, 2025 జూన్‌లో డీజీసీఏ పెద్ద విమానాశ్రయాల్లో రాత్రిళ్ళూ, తెల్లవారుజామునా తనిఖీలు చేసింది. ఒకసారి రాసిన లోపమే మళ్ళీ మళ్ళీ వస్తున్న విమానాలు చాలా దొరికాయి. అంటే రిపేరు చేశామన్నారు గానీ కుదరలేదు. టైర్లు అరిగిపోయి ఒక విమానం ఆగిపోయింది. ఇవి డీజీసీఏ స్వయంగా ప్రకటించినవి. మరి ఏ సంస్థ విమానాలు? పేరు చెప్పలేదు. మనం కూర్చోబోయే విమానం అందులో ఉందో లేదో మనకు తెలియకూడదన్నమాట!

చూసేవాళ్ళు చాలినంత మంది ఉన్నారా అంటే అదీ లేదు. డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో సగం వరకు ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే తన నివేదికలో రాసింది. విమానాలు కొత్తగా వందల లెక్కన వస్తున్నాయి, చూసే కుర్చీలు ఖాళీ. ఈ శాఖకు ఇవాళ మంత్రి మన శ్రీకాకుళం బిడ్డ కింజరాపు రామ్మోహన్‌నాయుడు గారు. అంతకుముందు 2014 నుంచి నాలుగేళ్ళు విజయనగరం అశోక్ గజపతిరాజు గారు చూశారు. తెలుగువాళ్ళ చేతిలో ఉన్న శాఖ అని గర్వపడదాం, అదే గొంతుతో అడుగుదాం కూడా. మంత్రిగారూ, ఆ ఖాళీలు ఎప్పటికి నింపుతారు?

మన రాష్ట్రానికి ఈ దుఃఖం కొత్త కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టర్ మన కైకలూరు దగ్గర కొవ్వాడలంక చేపల చెరువులో కూలింది. ఆయనతోపాటు అంగరక్షకుడు, పైలట్ పోయారు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు, మరో నలుగురు నల్లమలలో హెలికాప్టర్ కూలి పోయారు. ఆ రెండో ప్రమాదం మీద దర్యాప్తు కమిటీ రాసినదాంట్లో ఒక సంగతి ఉంది. ముసురులో ఎగురుతుండగా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి హెచ్చరిక దీపం వెలిగింది. పైలట్లిద్దరూ పుస్తకంలో దాని పరిష్కారం వెతుకుతూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు, బయటి వాతావరణం మీద ఉండాల్సిన ధ్యాస తప్పింది. కూలడానికి అసలు కారణం వాతావరణమే. కానీ ఒక ఆయిల్ హెచ్చరిక, చావు బతుకుల మధ్య ఉన్న ఆ నిమిషాలను తినేసింది. ఇద్దరు నాయకులకూ ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, దండలు వేస్తున్నాం. ఆ దర్యాప్తు నివేదికలు మన ఎమ్మెల్యేల్లో, కార్పొరేటర్లలో ఎంతమంది చదివారు?

విమానం బస్సు కన్నా, బైకు కన్నా భద్రమే కదా అని అడిగేవారున్నారు. నిజమే, భద్రమే. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని ఇంజిన్ లోపలికి తొంగిచూసే ఇంజినీరు వల్ల భద్రం. సన్నని గొట్టం చివర కెమెరా పెట్టి, లోపలి రేకులను ఒక్కొక్కటే తిప్పి చూసి, గోరంత చిట్లు కనబడితే ఈ విమానం లేవదు అని రాసేవాడి వల్ల భద్రం. తెల్లారి ఆరింటి సర్వీసు రద్దయితే పై నుంచి ఫోన్లు వస్తాయి. అయినా రాస్తాడు. అతను రాయడం మానేసిన రోజు ఆ భద్రమూ పోతుంది. మనం నిలబడాల్సింది అతని పక్కన.

అందుకే ముందుగా మనకు మనం చెప్పుకోవాల్సింది ఒకటుంది. గన్నవరంలో సాంకేతిక లోపంతో విమానం ఆలస్యమని మైకులో చెప్పగానే కౌంటరు మీద పడి అరవడం, వీడియోలు తీసి తిట్టడం చూస్తున్నాం. పెళ్ళి ముహూర్తం దాటిపోతుందన్న బాధ మాకు తెలుసు, ఇంటర్వ్యూ పోతుందన్న భయమూ తెలుసు. కానీ ఆ అరుపులు నేరుగా ఇంజినీరు మెడ మీద పడతాయి. 2018 మార్చి 12న అహ్మదాబాద్ నుంచి లక్నో బయల్దేరిన ఇండిగో విమానానికి ఇంజిన్ ఆగిపోయి వెనక్కి దిగింది. అదే రోజు డీజీసీఏ ఆ రకం ఇంజిన్లున్న 11 విమానాలను నేలమీద నిలబెట్టేసింది. వందల సర్వీసులు రద్దయ్యాయి, జనం తిట్టారు. ఆ తిట్లకు జడిసి లేపి ఉంటే? ఆలస్యమైతే అరవకండి, హక్కు అడగండి. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యమైతే తిండీ నీళ్ళూ ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమైనా ఇవ్వాలి, డబ్బు మొత్తం వెనక్కైనా ఇవ్వాలి. ఇది డీజీసీఏ పెట్టిన నిబంధన. కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి.

ఇక మేం అడిగేది. గన్నవరం నుంచి నడిచే ప్రతి విమాన సంస్థా నెలనెలా తన విమానాల్లో రాసిన లోపాలెన్ని, వాయిదా వేసిన రిపేర్లెన్ని, వాటిలో మళ్ళీ తిరిగి వచ్చినవెన్ని అనే లెక్కను ప్రకటించాలి. టెర్మినల్ గోడ మీద తెలుగులో అంటించాలి. సినిమా హాలు ముందు ఆటల టైములు పెడతారు, రేషను షాపులో నిల్వల బోర్డు పెడతారు, ఇది పెట్టడానికి ఏం అడ్డం? తనిఖీలో తప్పు దొరికిన సంస్థ పేరు డీజీసీఏ దాచకూడదు. లోపం రాసినందుకు ఏ ఇంజినీరునూ బదిలీ చేయకూడదు, జీతం కోయకూడదు, అలా జరిగితే ఫిర్యాదు చేసుకోవడానికి సంస్థకు సంబంధం లేని చోటుండాలి. 1934 నాటి చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. కొత్త చట్టం కింద నియమాలు రాసేటప్పుడే ఇవన్నీ చేర్చాలి. మన ఎంపీలు కూర్చునే విమానాశ్రయ సలహా సంఘంలో ఎప్పుడూ కొత్త సర్వీసులు, పార్కింగ్, టెర్మినల్ అందం గురించే మాట్లాడితే చాలదు. వచ్చే సమావేశం అజెండాలో మొదటి అంశం ఇదే కావాలి.

అడిగితే ఇస్తారా అని కూర్చోవద్దు. సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. ఈ కాగితం వెనక దరఖాస్తు నమూనా అచ్చువేశాం. మూడే ప్రశ్నలు: గడిచిన ఏడాదిలో గన్నవరం సర్వీసుల్లో నమోదైన ఇంజిన్ లోపాలెన్ని, గడువు ఇచ్చి వాయిదా వేసినవెన్ని, మన ప్రాంతాన్ని చూసే హైదరాబాద్ కార్యాలయంలో తనిఖీ అధికారుల పోస్టులెన్ని, నిండినవెన్ని. పేరు, అడ్రసు రాసి, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి డీజీసీఏ, సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం ఎదురుగా, అరబిందో మార్గ్, న్యూఢిల్లీ 110003కు పంపండి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు, రుజువు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు ఎలా వేయాలో మేం దగ్గరుండి రాసిపెడతాం. ఒక్కరు పంపితే ఫైలులో మూలన పడేస్తారు. గుణదల నుంచి వెయ్యి కవర్లు ఒకే వారంలో వెళ్ళాలి.

ఆదివారం సాయంత్రం ఐదింటికి మేరీమాత కొండ కింద కలుద్దాం. గల్ఫ్‌లో మనవాళ్ళున్న ఇళ్ళనుంచి తప్పకుండా ఒకరైనా రండి. ఆటోనగర్ మెకానిక్కులూ, రైల్వే షెడ్డులో పనిచేసే అన్నలూ, ఇంజిన్ సంగతి మీకు తెలిసినంత మాకు తెలియదు, మీరొచ్చి నలుగురికీ చెప్పాలి. లయోలా, సిద్ధార్థ కాలేజీల పిల్లలు తెలుగు, ఇంగ్లీషు రెండూ రాయగలిగినవాళ్ళు పెన్నులు తెచ్చుకోండి, పెద్దవాళ్ళకు దరఖాస్తులు నింపిపెట్టాలి. పోస్టల్ ఆర్డర్లు శనివారం మధ్యాహ్నం లోపే కొనుక్కోండి, ఆదివారం పోస్టాఫీసు ఉండదు.

ఇట్లు,
గుణదల పౌరులు